వెన్నాడు కల: మృగస్వప్నము మొదలు గజేంద్రమోక్షణము వఱకు

మన కావ్యములలోని స్వప్నములను గూర్చి వ్రాసినవారు వానిని సాధారణముగా రెండు తెఱగులుగా విభజించుచున్నారు. ఉషాకన్య అనిరుద్ధుని కలలో గాంచుట వంటివి శృంగారస్వప్నములు. త్రిజట రావణుని పతనమును గాంచుట వంటివి శకునస్వప్నములు. మొదటివి కథను నడపును. రెండవవి కథాంతమును ముందుగా సూచించును. ఈ విభాగము పాఠము చెప్పుటకు సుకరమైనది. మేమును తరగతిలో పెక్కేండ్లు ఇట్లే చెప్పితిమి. కాని జనసామాన్యము మిక్కిలి తఱచుగా కను కల ఈ రెంటిలో దేనియందును ఇముడదు. ఎవరో, లేక ఏదియో, వెంటబడి తఱుముచుండును. కలగన్నవాడు పరుగెత్తబోవును, కాళ్లు కదలవు. కేకవేయబోవును, గొంతు పెగలదు. అంతలో మెలకువ వచ్చును. కొన్నాళ్లకు మరల అదే కల. దీనిని మేమిచ్చట వెన్నాడు కల యని వ్యవహరించుచున్నాము. తఱుమునది మాత్రమే కాదు, విడువక మరల మరల వచ్చునది యను అర్థము కూడ ఆ మాటలో నున్నది.

ఈ కలను గూర్చి మన వాఙ్మయము చెప్పినదేమి, దాని రూపమును తీర్చునది ఏది యను ప్రశ్న మాకు గ్రంథములనుండి రాలేదు. వేటపాలెమున ఒక చదువరి నోటినుండి వచ్చినది. అచ్చటి సారస్వత నికేతనము 1918లో స్థాపితమైన గ్రంథాలయము. దాని భవనమునకు 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను. పాత పత్రికల సంపుటములకై పరిశోధకులు నేటికిని అచ్చటికి పోవుచుందురు. ఊరు ఒకప్పుడు గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు కేంద్రముగా ఏర్పడిన జిల్లాలో చేరి, 2022లో బాపట్ల జిల్లాలోనికి మాఱినది. మేము పాత సంచికలు త్రిప్పుచుండగా ఎదుటి బల్లకడ నేతపనివాడైన ఒక వృద్ధుడు స్వప్నఫలములను దెలుపు చిన్న పుస్తకము నొకదానిని ముందుంచుకొని, వ్రేలితో పంక్తిని పట్టుకొని చదువుచుండెను. ఒక పుట దాటడు, చదివినదే చదువును.

"ఏం వెదుకుతున్నారు తాతగారూ?" అని అడిగితిమి.

"దున్నపోతు తరుముద్దండి. ముప్పయ్యేళ్లుగా అదే కల. పరిగెత్తుదామంటే కాళ్లు రావు. గుంటలోనే ఉండిపోతయ్యి."

గుంట యనగా మగ్గపు గుంట. చీరాల, వేటపాలెము ప్రాంతముల నేత పెక్కింట గుంటమగ్గముమీద సాగినది. నేయువాడు నేలయంచున కూర్చుండి, కాళ్లను గుంటలోనికి విడిచి, అందలి కఱ్ఱలను పాదములతో తొక్కుచు, చేతులతో నాడె నాడించును. దినమునకు పది పండ్రెండు గంటలు ఆయన కాళ్లు భూమికి దిగువనే యుండెడివి. పుస్తకములో ఆయన వెదకుచున్నది దున్నపోతు. అది యముని వాహనము కనుక, అది తఱుముచుండగా దక్షిణమునకు పరుగెత్తిన యెడల మరణము తప్పదని అందున్నది. "మా ఇల్లు దక్షిణం మొగం. బయటకొస్తే అటే గదండీ పరిగెత్తాలి. ఈ లెక్కన నేను పదిహేనేళ్లకిందటే పోవాల" అని ఆయన నవ్వెను. మేమును నవ్వితిమి. కాని ఆ కలకు శాంతి జరిపించుటకై చేసిన అప్పు తీర్చుటకు రెండేండ్లు పట్టినదని ఆయన వెంటనే చెప్పగా మా నవ్వు నిలువలేదు.

పుస్తకము ఆయనకు కలవలన ఏమగునో చెప్పుచున్నది; కల ఎందుండి వచ్చినదో చెప్పదు. కావ్యస్వప్నములను శకునములుగా మాత్రమే చదువు మా విమర్శయు ఇంతకంటె మెఱుగుగా ఏమియు చేయలేదు. ఈ వ్యాసమునకు ప్రేరకము ఆ సిగ్గే.

ముందుగా ప్రాచీనతమమైన సాక్ష్యము. బృహదారణ్యకోపనిషత్తు నాలుగవ అధ్యాయము, మూడవ బ్రాహ్మణమున యాజ్ఞవల్క్యుడు జనకునికి స్వప్నావస్థను వివరించుచు కలలో కలుగు భయములను నాలుగింటిని పేర్కొనును: ఎవరో చంపుచున్నట్లుండుట, ఎవరో లోబఱచుకొనుచున్నట్లుండుట, ఏనుగు వెంటబడినట్లుండుట, గోతిలో కూలుచున్నట్లుండుట. మూలమునందలి క్రియాపదమునకు శంకరభగవత్పాదులు తఱుముట యనియే అర్థము చెప్పిరి. అటుపిమ్మట ఉపనిషత్తు చెప్పు మాట గమనింపదగినది. మేలుకొని యున్నపుడు చూచిన భయమునే కలలో అవిద్యచే మరల నిజమని తలచుచున్నాడని దాని భావము. ఇచ్చట రాబోవు మరణము లేదు, యమవాహనము లేదు, దిక్కులు లేవు. జాగ్రద్భయము కలలో రూపము ధరించుచున్నది, అంతే. ఏనుగు ఏల? వినువాడు విదేహరాజు, ఏనుగులు తిరుగు దేశములోనివాడు. అదే మాటను మగ్గము ముందు కూర్చున్నవానితో చెప్పవలసియున్నచో యాజ్ఞవల్క్యుడు మఱియొక జంతువును ఎన్నుకొని యుండునేమో. గోతిని మాత్రము మార్చవలసిన పనిలేదు.

ఛాందోగ్యమునందును ఈ కల ప్రసక్తి కలదు. అది యొక శిష్యుని అసంతృప్తి రూపమున నున్నది. కలలో స్వేచ్ఛగా సంచరించువాడే ఆత్మయని ప్రజాపతి చెప్పగా ఇంద్రుడు సంతసించి బయలుదేరును. దారిలో సంశయము కలుగును. దేహము గ్రుడ్డిదైనను స్వప్నపురుషుడు గ్రుడ్డివాడు కాడు, నిజమే. కాని కలలో వానిని కొట్టుచున్నట్లే యుండును, తఱుముచున్నట్లే యుండును, వాడు ఏడ్చుచున్నట్లే యుండును. ఇట్టివాడు భయరహితుడైన ఆత్మ ఎట్లగును? ఇంద్రుడు వెనుదిరిగి వచ్చి మఱి 32 ఏండ్లు బ్రహ్మచర్యము చేసెను. దేవతల రాజు ఒక సిద్ధాంతమును త్రోసిపుచ్చుటకు చూపిన ప్రమాణము వెన్నాడు కల! ఆ కలను ఎఱుగనివాడు ఈ ఆక్షేపణ చేయజాలడు. స్వర్గాధిపతికిని ఈ కల వచ్చునని ఉపనిషత్కర్త నిస్సంకోచముగా అంగీకరించినాడని మేము తలచుచున్నాము.

వైద్యశాస్త్రము మఱియొక త్రోవ తొక్కినది. చరకసంహిత ఇంద్రియస్థానమున స్వప్నములు ఏడు విధములుగా చెప్పబడినవి: చూచినది, విన్నది, అనుభవించినది, కోరినది, ఊహించినది, కాబోవుదానిని తెలుపునది, దోషముచే పుట్టినది. వీనిలో మొదటి యైదును నిష్ఫలములని శాస్త్రకారుడు స్పష్టముగా చెప్పినాడు. అదే అధ్యాయమున కుక్కలతోను, ఒంటెలతోను, గాడిదలతోను దక్షిణమునకు పోవుచున్నట్లు కలగన్నవానికి రాజయక్ష్మ సోకి ప్రాణము పోవునని కూడ కలదు. మన స్వప్నఫల పుస్తకములు ఈ రెండవ మాటను పట్టుకొని మొదటిదానిని విడిచినవి. వేటపాలెపు వృద్ధుడు తన కల చూచినదియో, విన్నదియో, అనుభవించినదియో యని అడుగుకొనుటకు ఆయన చేతిలోని పుస్తకమున చోటులేదు. చరకుని ఏడింటిలో ఐదింటిని దాచి రెండింటిని అమ్ముట యది.

ఇక కావ్యములకు వత్తము. శకునస్వప్నమునకును వెన్నాడు కలకును భేదమేమి? మాకు తోచిన గుర్తు ఒకటి కలదు. శకునస్వప్నము ఒక్కసారియే వచ్చును. పైగా ఒకరిని గూర్చి మఱియొకరు కందురు. రావణుడు తైలాభ్యక్తుడై గాడిదలబండిమీద దక్షిణమునకు పోవుట చూచినది రావణుడు కాదు, త్రిజట. దశరథుని మరణమును సూచించు కలను కన్నది కేకయరాజగృహమున నున్న భరతుడు. పోబోవువాడు సుఖముగా నిద్రించుచుండును. కల పొరుగువానికి వచ్చును. వెన్నాడు కల అట్లుగాక కన్నవానినే గూర్చినది, కన్నవానికే మరల మరల వచ్చునది.

ఈ గుర్తునకు లొంగని స్థలములు రెండు కలవు. వానిని దాచుట న్యాయము కాదు. మొదటిది కంసుని కథ. మల్లక్రీడకు ముందునాటి రాత్రి కంసుడు ప్రేతములు తన్ను కౌగిలించినట్లును, గాడిద నెక్కినట్లును, విషము తిన్నట్లును తానే కలగనును. ఇది శకునమే, కాని స్వీయము. ఐతే భాగవతము ఈ కలకు ముందే ఒక దీర్ఘమైన భూమికను కల్పించినది. దేవకి ఎనిమిదవ గర్భమునుండి అతడు కూర్చున్నను, పరున్నను, కుడుచుచున్నను, నడచుచున్నను హరినే తలచుచు జగత్తంతయు తన్మయముగా చూచెనట. పసిబిడ్డలను వెదకి చంపించినవాడు కంసుడు. తఱిమినవాడు తఱుమబడుచున్నానని తలచుచున్నాడు. గాడిదయు విషమును శాస్త్రము ఇచ్చిన వేషములు; లోపలి భయము మాత్రము అతని సొంతము. పోతన కంసుని భయమును వర్ణించినపుడు తెలుగు చదువరికి అతనిమీద కోపము కొంత సడలుటకు ఇదియే కారణమని మా యభిప్రాయము.

రెండవది సౌప్తికపర్వము. ఇది కఠినమైనది. అశ్వత్థామ రాత్రివేళ పాండవశిబిరమున పడి నిద్రితులను చంపుచుండగా నల్లని స్త్రీ, కాళరాత్రి, పాశములతో వీరులను కట్టి ఈడ్చుకొనిపోవుచు వారికి కనబడినది. వ్యాసుడిచ్చట ఒక మాట చేర్చినాడు. ఆ యోధులు అంతకు ముందు రాత్రులయందును, యుద్ధము మొదలైన నాటినుండియు, ఆమె తమ్మట్లే కొనిపోవుటను, ద్రోణపుత్రుడు తమ్ము చంపుచుండుటను నిత్యము కలలో చూచుచునే యుండిరట. ఆ పూర్వదర్శనమును స్మరించి, ఇదియే అది యని వారు తలచిరట. మన ప్రాచీన వాఙ్మయమున మరల మరల వచ్చు భయస్వప్నమును ఇంత స్పష్టముగా చెప్పిన స్థలము మఱియొకటి మాకు కనబడలేదు. కల నిజమైనది కాబట్టి శకునమే యని వాదింపవచ్చును. ఐనను కల ఎప్పుడు మొదలైనదో కవి ఏల చెప్పవలెను? అశ్వత్థామ ఆలోచన పుట్టినది దుర్యోధనుని తొడలు విఱిగిన పిమ్మట. కల పుట్టినది యుద్ధారంభమున. ఆ నడిమి దినములన్నియు ఆ కలకు ఆధారము దినమంతయు కన్న చావులే. యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులు ఏండ్ల తరబడి అదే కల కనుట గత శతాబ్దపు రెండు మహాయుద్ధముల తరువాత వైద్యులు విపులముగా వ్రాసిన విషయము. వ్యాసునికి అది ముందే తెలియును; దానిని ఆయన విధితో ముడిపెట్టినాడు, అంతియే భేదము.

ఇప్పుడు మృగస్వప్నము. మా వాదమునకు ఇది ప్రాణము వంటిది గావున దీనియొద్ద కొంత తడవు నిలువవలసియున్నది.

అరణ్యపర్వమున ఘోషయాత్ర ముగిసిన పిదప ద్వైతవనమున ధర్మరాజునకు ఒక కల వచ్చును. లేళ్లు కన్నీటితో, వణకుచు, చేతులు జోడించి ఎదుట నిలుచును. మీరెవరు, మీకేమి కావలెనని అతడడుగును. తాము ద్వైతవనమున చావగా మిగిలిన మృగములమనియు, నీ తమ్ములు శూరులై తమ కులములను కొలదిగా మిగిల్చిరనియు, బీజప్రాయముగా మిగిలిన తమ్ము వృద్ధిపొందనిమ్మనియు, నివాసమును మార్చుమనియు అవి వేడును. అతడు మేల్కొని తమ్ములకు చెప్పును. ఒక సంవత్సరము ఎనిమిది నెలలుగా మనము వీనిమీదనే బ్రదుకుచున్నామని లెక్క చెప్పి, పాండవులను కామ్యకమునకు తరలించును. ఆంధ్రమహాభారతమున ఇది ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వశేషములోనిది. అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆశ్రయమున నుండిన ఆ కవి ఈ మైదానపు కవియే. వేటపాలెమునకు అద్దంకి దూరదేశము కాదు. ఊరి పేరులో వేట యున్నదని కొందఱు ముచ్చటపడుదురు. తెలుగున వేట యనగా మృగయయు, బలికిచ్చు మేకయు కూడ. ఊరి పేరును పిండి చరిత్రను తీయుట మా ఉద్దేశము కాదు. ఏ యర్థము తీసికొన్నను ఆ మాటలో ఒక జంతువు ప్రాణభయముతో నిలిచియున్నదని మాత్రము గుర్తించితిమి.

ధర్మరాజును ఎవరును తఱుమలేదు గదా, ఇది వెన్నాడు కల ఎట్లగునని ఆక్షేపింపవచ్చును. నిజమే. ఇది దానికి తలక్రిందైన రూపము. తఱుమబడినవి వచ్చి తఱిమినవాని నిద్రలో నిలిచినవి. మన అలంకారశాస్త్రముతో దీనిని పోల్చి చూడుడు. భయానకరసమునకు మమ్మటుడు కావ్యప్రకాశమున చూపిన ఉదాహరణము శాకుంతలము మొదటి యంకములోని పరుగెత్తు లేడి శ్లోకము. మెడ త్రిప్పి రథమును చూచుచు, బాణభయముచే వెనుకటి మేనిని ముందటిమేనిలోనికి ముడుచుకొని, నమలిన దర్భ నోటినుండి రాలుచుండగా ఆ లేడి దుమికిపోవును. అంతకంటె చక్కని భయచిత్రము లేదు. కాని ఆ చిత్రమును చూచుచున్నది ఎవడు? వింట బాణము కూర్చిన దుష్యంతుడు. భయము లేడిది, సౌందర్యము వేటకానిది. రసశాస్త్రమంతయు ఈ రథముమీదినుండియే భయమును చూచినదని అనిన అతిశయోక్తి కాదు. మెలకువలో రథముమీద నుండువానిని నేలమీద లేడిగా పరుగెత్తించునది కల ఒక్కటియే. మృగస్వప్నమున వ్యాసుడును, అతని వెంట ఎఱ్ఱనయు, వేటకానిని రథమునుండి దింపినారు. ఆ రాజవంశములోనే పాండుడు లేడిరూపున నున్న మునిని కొట్టి శాపము పొందెను. కుమారునికి శాపము రాలేదు, కల వచ్చినది. శాపము చంపును, కల ఇల్లు మార్పించినది. విద్యార్థులు ఘోషయాత్రను చదివి ఈ చిన్న ఘట్టమును దాటిపోవుట మేము పలుమాఱు చూచితిమి. పరీక్షలో అడుగరు గనుక కాబోలు.

కల కాకున్నను కలవంటి రూపముగల కథలు మన పురాణములలో కలవు. వానిని విన్నవారి కలలు వానినుండియే రూపము పొందును గనుక (చరకుని 'విన్నది' ఇచ్చట పనికివచ్చును) వానిని విడువరాదు. భాగవతము నవమస్కంధమున దుర్వాసుడు తన జటనుండి కృత్యను సృజించి అంబరీషునిమీదికి పంపగా, చక్రము కృత్యను దహించి దుర్వాసుని వెంటబడును. దిక్కులు, ఆకాశము, సముద్రము, గుహలు, బ్రహ్మలోకము, కైలాసము, వైకుంఠము: ఎచ్చటికి పోయినను చక్రము వెనుకనే యున్నది. అడిగిన వారందఱును తమవలన కాదనిరి. తుదకు ఎవనికి కీడు తలపెట్టెనో వానికడకే తిరిగివచ్చి కాళ్లు పట్టుకొనగా పరుగు ఆగినది. అప్పటికి ఏడాది గడచినది. అంబరీషుడు అన్నము ముట్టక వేచియున్నాడు. రామాయణమున కాకాసురుని వెంటబడిన గడ్డిపోచ కథయు ఇదే పోకడ. మూడు లోకములు తిరిగి రాముని కాళ్లకడనే పడవలసివచ్చెను. పెద్దన మనుచరిత్రమున మనోరమను వెన్నాడు రాక్షసుడు శాపముచే రూపు మాఱిన ఆమె తండ్రి ఇందీవరాక్షుడే! ఆ సంగతి పాఱిపోవుచున్నపుడు ఆమెకు తెలియదు. స్వరోచి ఎదిరించిన పిమ్మటనే రాక్షసుని ముఖము తొలగి తండ్రి ముఖము కనబడినది. ఈ కథలలో తఱుమునది ఎక్కడినుండియో ఊడిపడినది కాదు. దుర్వాసునికి అది తన క్రియ, మనోరమకు తన యిల్లు. పాఱిపోవునంతకాలము అది తెలియకుండుటయే ఆ పరుగునకు బలము.

ఆధునిక శాస్త్రము ఈ విషయమున చెప్పినది కొంత కలదు. 1953లో చికాగోలో ఎసెరిన్స్కీ, క్లైట్‌మన్ అనువారు నిద్రలో కనుగ్రుడ్లు వేగముగా కదలు దశ నొకదానిని కనుగొనిరి. స్పష్టమైన కలలు ఎక్కువగా ఆ దశయందే వచ్చునని తేలినది. ఆ దశలో అవయవముల కండరములు సడలి కదలిక నుడిగియుండునని 1959లో ఫ్రాన్సున మిషెల్ జూవే పిల్లులయందు చూపెను. కలలో కాళ్లు కదలకుండుటకు ఇదియే కారణమను వారు కలరు. కావచ్చును. హోమరు ఇలియడ్ 22వ సర్గమున అకిలీసు హెక్టరును తఱుము ఘట్టములో, కలలో తఱుమువాడు అందుకొనలేనట్లు, పాఱువాడు తప్పించుకొనలేనట్లు అని ఉపమించినాడు. కాళ్ల బరువు అన్ని దేశములకును సమానము. 1958లో గ్రిఫిత్, మియాగి, తాగో అను మువ్వురు ప్రకటించిన పరిశీలనలో, తమ్మెవరో తఱిమినట్లు లేక కొట్టవచ్చినట్లు కలగన్న విద్యార్థులు అమెరికాలో నూటికి సుమారు 77, జపానులో సుమారు 91. 2003లో కెనడాలో నీల్సన్ మొదలగువారు వేయిమందికి పైగా విద్యార్థులను అడుగగా నూటికి సుమారు 80 మంది ఈ కల కనినట్లు చెప్పిరి. పేర్కొన్న కలలన్నిటిలో ఇదియే మొదటిది. ఫిన్లండు పండితుడు రెవొన్సువో 2000లో దీనికొక ఉపపత్తి చెప్పెను: ఆదిమానవుడు క్రూరమృగములనుండి తప్పించుకొను విద్యను నిద్రలో అభ్యసించుటయే ఈ కలయట.

ఈ సిద్ధాంతము కల ఉండుటకు కారణము చెప్పుచున్నది. కలలో ఎవరుందురో చెప్పజాలదు. కాళ్లు ఆడకుండుట కండరములవలన కావచ్చును, కాని మగ్గపు గుంట కండరములలో లేదు. వెఱపు జాతికంతటికిని పొత్తు. వెఱపించువాని వేషము ఊరూరికి వేఱు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టబెట్టుకొని, బాపట్ల తీరమునకును చేటు చేసినది. ఆ రాత్రిని చూచినవారి కలలో తఱుమునది దున్నపోతు కానక్కఱలేదు, నీరు చాలును. చీరాలకును బాపట్లకును నడుమ స్టూవర్టుపురము కలదు. 1871 నాటి చట్టము కొన్ని కులములను పుట్టుకతోనే నేరస్థులనుగా ముద్రవేయగా, 1910 దశకమున ఎఱుకలవారిని అచ్చట నిలిపి, హాజరు వేసి, కాపలా పెట్టిరి. ఆ చట్టము 1952లో రద్దైనది. తరతరములు మెలకువలోనే తఱుమబడిన ఆ జనుల కలలెట్టివి? మన కావ్యములలో రాజుల కలలు, రాణుల కలలు, రాక్షసుల కలలు కలవు. ఎఱుకత వచ్చి సోదె చెప్పి పరుల భవిష్యత్తును విప్పును గాని ఆమె కలను అడిగిన ప్రబంధకవి మాకు కనబడలేదు. పరిశోధనకు అంశము కావలెనని మమ్మడుగు విద్యార్థులకు ఈ చోటును చూపుచున్నాము. పుస్తకములతో మాత్రము కాదు, ఊరికి పోయి, అడిగి, ఓపికతో విని వ్రాయవలసిన పని యిది.

మన సంప్రదాయము భయస్వప్నమునకు ఒక మందును చెప్పినది: గజేంద్రమోక్షణ పఠనము. అష్టమస్కంధమున ఆ కథకు చెప్పబడిన ఫలములలో దుస్స్వప్ననాశనము ఒకటి. వేకువనే లేచి, శుచియై దుస్స్వప్నోపశాంతికై దీనిని కీర్తింతురని అచ్చటనే కలదు. పోతన తెనిగింపువలన ఇది తెలుగు ఇండ్లలో అక్షరములు రానివారికిని కంఠస్థమైనది. ఇన్ని కథలుండగా ఈ పని ఈ కథకే ఏల అప్పగింపబడినదని ఎవరైన అడిగిరో లేదో మేమెఱుగము. మాకు తోచు కారణము రూపసామ్యము. మదించిన బలము గల జంతువు, నీటిలో కనబడనిది కాలు పట్టినది, కదలలేదు, తోటి ఏనుగులు గట్టున నిలిచి చూచుచున్నవి గాని సాయపడలేవు, బలము క్షణక్షణమునకు తఱుగుచున్నది, కేక లోలోపలినుండి వచ్చుచున్నది. ఇది కథ కాదు, పీడకల ఆకృతియే. ఐతే కలలో ఎచ్చట మెలకువ వచ్చునో కథలో అచ్చట విష్ణువు బయలుదేరును. పోతన ఆ రాకను పరుగుగా చిత్రించినాడు: లక్ష్మికి చెప్పడు, ఆయుధములు సవరించుకొనడు, వాహనమును పిలువడు. కలలో మనవెంట పరుగెత్తివచ్చునది చంపుటకు వచ్చును. ఇచ్చట పరుగెత్తివచ్చువాడు విడిపించుటకు వచ్చుచున్నాడు. భయపడినవాని మనస్సులో ఆ పరుగుల చప్పుడునే ఉంచి దాని అర్థమును మాత్రము కవి మార్చినాడు. ఆ పద్యముల కీర్తికి శబ్దసౌందర్యమే హేతువని వ్రాయువారు ఈ సంగతిని గమనింపవలెను.

2001లో బారీ క్రాకొవ్ మొదలగు వైద్యులు మరల మరల వచ్చు పీడకలలకు ఒక చికిత్సను పరీక్షించి ఫలితము ప్రకటించిరి. రోగి మెలకువలో తన కలను తలచుకొని, దాని నడకను తనకు నచ్చినట్లు మార్చి, ఆ మార్చిన కలను దినమునకు కొన్ని నిమిషములు మనస్సులో చూచుకొనవలెను. చాలమందికి కలలు తగ్గినవి. భాగవతమునకు ఈ చికిత్స ముందే తెలియునని గొప్పలు చెప్పుట మాకిష్టము లేదు. అచ్చట రోగి తన కలను తానే మార్చుకొనును. ఇచ్చట అందఱికిని ఒక్క ఏనుగు కథయే. ఆ భేదము చిన్నది కాదు. ఎవరి కల వారిదైనపుడు ఒకరి మందు మఱియొకరికి కొంతవఱకే పనిచేయును.

ఈ మాటను మాకు చెప్పినవాడును ఆ నేతపనివాడే. కొన్ని నెలల పిమ్మట మరల వేటపాలెము పోయినపుడు ఆయన దినపత్రిక చదువుచు కనబడెను. గజేంద్రమోక్షణము చదువుకొనరాదా యని మేము సలహా ఇచ్చితిమి. ఆయనకు అది చిన్ననాటినుండియు నోటికి వచ్చును.

"చదువుతూనే ఉంటానండీ. చదివిన రాత్రి దున్న రాదు. రెండోరాత్రి వచ్చుద్ది."

ఈ కల ఎప్పుడు మొదలైనదని అడిగితిమి. నేసిన బట్ట అమ్ముడుపోక ఇంట గుట్టపడిన ఏడాదియని చెప్పెను. నూలుకు ముందుగా సొమ్మిచ్చిన షావుకారు ప్రతిదినము చీకటిపడువేళ వచ్చి మగ్గము ముందు నిలుచుండెడివాడట. గుంటలో కాళ్లున్నవాడు చప్పున లేవలేడు. లేచులోపల మాటలు పడవలసిన వన్నియు పడి ముగిసెడివి. భార్యాబిడ్డలు వినుచుండిరి.

పుస్తకమును మరల చూచితిరా యని అడుగగా ఆయన తల అడ్డముగా త్రిప్పెను.

"ఆ దున్న ఎవరో నాకు తెలుసులెండి. అది పుస్తకంలో లేదు."

ఆయన యింట ఇప్పుడు మగ్గము లేదు. కుమారుడు వేఱుపనిలో కుదిరినాడు. మగ్గపు గుంటను మన్నుపోసి పూడ్చి, పైన గచ్చు వేయించి పదేండ్లైనదట. ఆ గచ్చుమీదనే ఆయన చాపపఱచుకొని నిద్రించును. కలలో మాత్రము గుంట అచ్చటనే, అంత లోతుననే యున్నదని చెప్పి, పత్రికను మడిచి బల్లమీద పెట్టి లేచెను.